నల్లరంగు వెంట ఆరు రోజులు

మొదటి రోజు: ఫెఖెన్‌హైమ్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 11వ నంబరు ట్రాము తూర్పు దిక్కుగా హనావర్ రోడ్డు మీద పోతుంటే ఒక చోట 'కాసెల్లాస్ట్రాస్సే' అని మైకులో పేరు వినిపించింది. సీట్లో నిటారుగా కూర్చున్నాను. ఆ పేరు నేను మొదట విన్నది చీరాలలో, మా తాతయ్య నోట. ఆయన దాన్ని 'కసెల్లా' అని పలికేవారు, ఏదో ఊరి పేరు చెప్పినట్టు. ఆయన చిన్నతనంలో మద్రాసు నుంచి వచ్చే రంగుల డబ్బాల మీద ఉన్న పేర్లలో అదొకటట.

మా తాతయ్య నూలుకు రంగు వేసేవారు. నేతగాళ్లు తెల్ల చిలపలు, అంటే నూలు చుట్టలు, తెచ్చి ఇచ్చేవారు, ఆయన వాటిని కర్రలకు తగిలించి ఇనుప తొట్టిలో ముంచి తిప్పేవారు. నలుపు వేసే రోజున పెరడంతా కుళ్లిన గుడ్డు వాసన. తొట్టిలోంచి చిలప పైకి తీసినప్పుడు అది నల్లగా ఉండేది కాదు. ముదురు ఆకుపచ్చగా, బురదలా ఉండేది. గాలి తగిలేకొద్దీ, మేము చూస్తూ ఉండగానే, నల్లబడేది. పిల్లలందరం పందెం కట్టి చూసేవాళ్లం, ఏ చిలప ముందు నల్లబడుతుందా అని. ఆ తొట్టి దగ్గరికి రాగి చెంబు కూడా రానిచ్చేవారు కాదు తాతయ్య. 'గంధకం రాగిని తినేస్తుంది' అనేవారు. తరువాత నేను కెమిస్ట్రీ చదివి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. సోడియం సల్ఫైడు గురించి క్లాసులో చెప్పిన ప్రతిసారీ ఆ చెంబే గుర్తొచ్చేది.

ఆ గంధకపు నలుపుల్లో తొలినాళ్ల పేరున్న రంగు, 'ఇమ్మీడియల్ బ్లాక్', ఈ ఫెఖెన్‌హైమ్‌లోనే, కాసెల్లా ఫ్యాక్టరీలో, 19వ శతాబ్దం చివరి ఏళ్లలో తయారయింది. ఆ ఫ్యాక్టరీలో పరిశోధనను నడిపించిన మనిషి ఆర్థర్ ఫాన్ వైన్‌బర్గ్. ఆయన బతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ దారంతా ఒకసారి నడవాలని ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ కోరిక. మా అక్క కూతురు ఇక్కడ గ్యోటె విశ్వవిద్యాలయంలో చదువుతోంది. 'మావయ్యా, ఏప్రిల్‌లో నాకు సెలవులు, రండి' అని టికెట్టు తనే చూసి పెట్టింది.

మైన్ నది ఒడ్డున ఫ్యాక్టరీ ఇప్పటికీ ఉంది. పేర్లు మారాయి, యజమానులు మారారు, గేటు లోపలికి మనల్ని రానివ్వరు. కంచె పక్కనే నడిచాం. ఎర్ర ఇటుకల పాత షెడ్లు కొన్ని, వాటి మీదుగా కొత్త పైపులు. నది మీద పాదచారుల వంతెన ఒకటి ఉంది, దానికి ఆర్థర్ ఫాన్ వైన్‌బర్గ్ పేరే పెట్టారు. సైకిళ్ల వాళ్లు గంట కొట్టుకుంటూ దాటిపోతున్నారు. ఆ వంతెన మీద నిలబడి మా మేనకోడలికి కథ మొదలుపెట్టాను.

కాసెల్లా 1798లో ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల వాడలో పుట్టిన వ్యాపార సంస్థ. అప్పుడు అమ్మిన రంగులన్నీ ప్రకృతిలో దొరికేవే. వైన్‌బర్గ్ మేనమామ లియో గాన్స్ రసాయన శాస్త్రం చదివినవాడు. కొనుక్కొచ్చి అమ్మడం కాదు, మనమే చేద్దాం అని 1870లో ఇక్కడ అనిలిన్ రంగుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ మేనమామ దగ్గరికి 1883లో మేనల్లుడు వచ్చి చేరాడు. 1860 ఆగస్టు 11న పుట్టిన ఆర్థర్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. మ్యూనిక్‌లో అడాల్ఫ్ ఫాన్ బాయర్ దగ్గర చదివి డాక్టరేటు తెచ్చుకున్నాడు. నీలిమందు అణువు లోపలి కట్టడాన్ని విప్పి చూపిన బాయర్ ఆయనే.

'మేనమామ దగ్గరే ఉద్యోగమా, మన వాళ్లలాగే' అంది మా అమ్మాయి. అవును, మన వాళ్లలాగే. అయితే ఈ మేనల్లుడు కుర్చీలో కూర్చోవడానికి రాలేదు. తారు నుంచి వచ్చే నాఫ్తలీన్‌కు ఆమ్ల సమూహాలు ఏ మూలన అతికిస్తే ఏ రంగు వస్తుందో ఒక్కొక్కటిగా పరీక్షించడానికి వచ్చాడు. మెయిన్‌హార్డ్ హోఫ్‌మన్ అనే మరో కెమిస్టుతో కలిసి గామా ఆమ్లం అనే నాఫ్తలీన్ పదార్థం నుంచి 'డయమిన్ బ్లాక్' తీశాడు. దాని గొప్పతనం రంగులు వేసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. అంతకుముందు చాలా రంగులు నూలుకు పట్టాలంటే ముందు కరక్కాయ, పటిక పట్టించాలి, ఆరబెట్టాలి, మళ్లీ ముంచాలి. ఈ తరహా రంగులకు ఆ పని లేదు. వేడినీళ్లు, ఉప్పు, రంగు, నూలు. అంతే. తరువాత ఆ రంగును నూలు మీదే మరో రసాయనంతో కలిపి ఇంకా గట్టిపరచవచ్చు.

ఇక్కడ ఒక మాట దాచను. ఈ రంగులు వచ్చిన దారిలోనే మన రంగులు పోయాయి. మచిలీపట్నం అద్దకపు ఎరుపునిచ్చిన చిరువేరు, కడప జిల్లా పొలాల్లో పండి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన నీలిమందు, రెంటికీ జర్మనీ ఫ్యాక్టరీలే గండి కొట్టాయి. ఎరుపును 1869లో, నీలాన్ని 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. అనే జర్మన్ రసాయన కంపెనీ వాళ్లు బజారుకు సిద్ధం చేశారు. కాబట్టి ఈ ఫ్యాక్టరీ గోడను నేను భక్తితో మాత్రమే చూడలేదు. కానీ మా తాతయ్య ఇంట్లో పొయ్యి వెలిగింది కూడా ఈ రంగులతోనే. రెండూ నిజమే, రెండూ నా లోపల ఉన్నాయి.

రెండో రోజు: ఎలుకలు, ఎర్ర రంగు

పొద్దున్నే జాక్సెన్‌హౌజెన్ వైపు, పాల్ ఎర్లిక్ పేరున్న వీధికి వెళ్లాం. అక్కడ గేయోర్గ్ స్పయర్ హౌస్ అనే పరిశోధనాలయం ఉంది. 1906లో ఎర్లిక్ కోసం కట్టినది, ఇప్పటికీ అక్కడ క్యాన్సర్ మీద పని జరుగుతోంది. లోపలికి వెళ్లలేదు, వెళ్లాలని అడగనూ లేదు. ఎదురుగా పేవ్‌మెంటు మీద నిలబడితే చాలనిపించింది.

ఎర్లిక్ వైద్యుడు. అతను రంగుల వెంట పడిన కారణం చాలా సరళమైనది. సూక్ష్మదర్శిని కింద కొన్ని రంగులు కొన్ని కణాలనే పట్టుకుంటున్నాయి, పక్క కణాన్ని ముట్టడం లేదు. అలాగైతే రోగక్రిమిని మాత్రమే పట్టుకుని చంపే రంగు ఎందుకు ఉండకూడదు? 1891లోనే మిథిలీన్ బ్లూను మలేరియా రోగులకు ఇచ్చి చూశాడు. 1899లో అతని సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారాక, ఊరి పక్కనే రంగుల ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీలో తన మాట అర్థం చేసుకునే వైన్‌బర్గ్ దొరికారు. ఇద్దరూ స్నేహితులయ్యారు.

ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవి సోకిన ఎలుకల మీద ఎర్లిక్, అతని దగ్గర పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త షిగా, వందల రంగులు ప్రయోగించి చూస్తున్నారు. ఒక ఎర్ర రంగు కొద్దిగా పనిచేసింది కానీ నీళ్లలో సరిగా కరగదు, ఒంట్లో వ్యాపించదు. కరిగేలా చేయగలవా అని ఎర్లిక్ అడిగితే, వైన్‌బర్గ్ ఆ అణువుకు ఇంకో సల్ఫోనిక్ సమూహం తగిలించి పంపాడు. అదే ట్రిపన్ రెడ్. 1904లో ఆ రంగుతో ఎలుకలు బతికాయి. పెద్ద జంతువుల్లో పనిచేయలేదు, మందుల షాపులకు చేరలేదు. అయినా మనిషి ప్రయోగశాలలో తయారుచేసిన ఒక పదార్థం ఒంట్లోని ఒక ఎంచుకున్న క్రిమిని చంపిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఒక్క సల్ఫోనిక్ సమూహం. బోర్డు మీద రాస్తే మూడు అక్షరాలు, ఒక అంకె. దాన్ని నేను వేలసార్లు రాసి ఉంటాను. రంగు నీళ్లలో కరగడానికి వాడే మామూలు కిటుకు అది, మా తాతయ్య తొట్టిలోని రంగుల్లో కూడా ఎన్నింటికో ఉండేది. నూలు కోసం నేర్చుకున్న పని ప్రాణం కోసం పనికొచ్చింది.

ఎర్లిక్ వేసిన ఈ బాట మీదే, నాలుగు దశాబ్దాల తరువాత అమెరికాలో, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిచారు. లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1947, 1948లలో లుకీమియా పిల్లల్లో మొదటిసారి వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 'కీమోథెరపీ' అనే మాటను పుట్టించింది ఎర్లిక్. మా అమ్మాయికి సుబ్బారావు పేరు తెలుసు, ఎర్లిక్ పేరూ తెలుసు. మధ్యలో ఒక రంగుల వ్యాపారి ఉన్నాడని మాత్రం ఆ పేవ్‌మెంటు మీదే తెలిసింది.

మధ్యాహ్నం జెంకెన్‌బర్గ్ ప్రకృతి శాస్త్ర మ్యూజియం. వైన్‌బర్గ్ ఏళ్ల తరబడి దాన్ని నడిపే సంఘానికి అధ్యక్షత వహించి, తన డబ్బు ధారపోశాడు. పక్కనే ఉన్న పాత భౌతికశాస్త్ర సంఘ భవనానికి ఇప్పుడు ఆయన పేరు. బడిపిల్లల గుంపుల మధ్య తోసుకుంటూ, 1910లో అమెరికాలోని వయోమింగ్‌లో దొరికిన ఎడ్మాంటోసారస్ అనే రాక్షసబల్లి దగ్గరికి చేరాం. ఇది ఎముకల గూడు కాదు. చనిపోయినప్పుడు ఒరిగిన భంగిమలోనే, చర్మపు గుర్తులతో సహా రాయిగా మారిన జంతువు. చేతి దగ్గర చర్మం మీది చిన్న చిన్న గుండ్రటి పొలుసులు, పనసకాయ పైతొక్కలా, ఒక్కొక్కటి విడిగా కనిపిస్తున్నాయి. నేను చూడాలనుకున్నది వైన్‌బర్గ్‌ని. కానీ ఆ పొలుసుల ముందు నుంచి పది నిమిషాలు కదలలేకపోయాను. ఊరి పిల్లలు ఇలాంటివి చూడాలని కోరుకున్న మనిషి ఎలాంటివాడో కొంత అర్థమైంది.

మూడో రోజు: ఒకే భవనం

ఈ రోజు మా మేనకోడలు చదివే చోటికి వెళ్లాం. వెస్టెండ్ ప్రాంగణంలోని పెద్ద భవనం. పావు కిలోమీటరు పొడవు, కొద్దిగా వంగిన ముఖం, దాని నుంచి వెనక్కీ ముందుకీ పొడుచుకొచ్చిన ఆరు రెక్కలు, లేత పసుపు ట్రావర్టీన్ రాయి. హాన్స్ ప్యోల్జిగ్ గీసిన నమూనా, 1930 నాటికి పూర్తయింది. లోపల తలుపుల్లేని పాతకాలపు లిఫ్టులు ఆగకుండా ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి తిరుగుతూనే ఉంటాయి, అదను చూసి ఎక్కాలి. మా అమ్మాయి అలవాటుగా ఎక్కేసింది. నేను రెండు గదులు వదిలి మూడోదానిలోకి అడుగుపెట్టాను.

ఈ విశ్వవిద్యాలయం 1914లో రాజు ఇచ్చిన సొమ్ముతో పుట్టలేదు. ఊరి సంపన్నులు తలా ఇంత వేసుకుని స్థాపించారు. ఆ దాతల్లో చాలామంది యూదు కుటుంబాలవాళ్లు. లియో గాన్స్ ఉన్నాడు. ఆర్థర్, అతని తమ్ముడు కార్ల్ ఉన్నారు. ఆ పునాదే ఇవాళ మా అమ్మాయికి గ్రంథాలయం, ల్యాబు, పరీక్షలు అయింది. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న తెలుగు పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

భవనం మాత్రం విశ్వవిద్యాలయం కోసం కట్టింది కాదు. ఇది ఐ.జి. ఫార్బెన్ ప్రధాన కార్యాలయం. 'ఫార్బెన్' అంటే రంగులు. 1925 డిసెంబరులో బాయర్, బి.ఎ.ఎస్.ఎఫ్., హ్యోహ్‌స్ట్, ఆగ్ఫా వంటి రంగుల కంపెనీలన్నీ కలిసి ఒక్కటైనప్పుడు, హ్యోహ్‌స్ట్‌తో ముందే చేయి కలిపి ఉన్న కాసెల్లా కూడా అందులో కలిసింది. వైన్‌బర్గ్ ఆ మహాసంస్థ పర్యవేక్షక మండలిలో కూర్చున్నాడు. పదేళ్లు గడిచేసరికి దేశం నాజీల చేతిలోకి పోయి మారిపోయింది. వాళ్ల కుటుంబం ఎప్పుడో క్రైస్తవం పుచ్చుకుంది. జర్మన్ చక్రవర్తి కైజర్ 1908లో ఆ అన్నదమ్ములకు 'ఫాన్' అనే కులీన బిరుదు ఇచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆర్థర్ యాభై నాలుగేళ్ల వయసులో సైన్యంలో చేరి ఐరన్ క్రాస్ పతకం తెచ్చుకున్నాడు. 1930లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం తన గౌరవ పౌరుడని ప్రకటించింది. ఇవేవీ అక్కరకు రాలేదు. పుట్టుక యూదు పుట్టుక, అంతే చూశారు. తను కూడా కట్టిన సంస్థలోంచి తప్పుకోవలసి వచ్చింది.

ఆ సంస్థ తరువాత చేసిన పని ప్రపంచానికి తెలుసు. ఔష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం పక్కన మోనోవిట్జ్‌లో కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ పెట్టి ఖైదీలతో చాకిరీ చేయించింది. గ్యాస్ గదుల్లో వాడిన సైక్లాన్-బి అమ్మిన కంపెనీలో దానికి వాటా ఉంది. ప్రాంగణం ఒక మూల, చెట్ల కింద, నోర్బర్ట్ వోల్‌హైమ్ స్మారకం ఉంది. మోనోవిట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడి, 1951లో ఐ.జి. ఫార్బెన్ మీద దావా వేసిన మనిషి ఆయన. చెట్లకు మధ్య మధ్యలో నిలువు పలకలు, వాటి మీద ఖైదీలు కాకముందు వాళ్లు నవ్వుతూ దిగిన ఫొటోలు. పెళ్లి ఫొటో ఒకటి. బడి మెట్ల మీద పిల్లలు. సముద్రపు ఒడ్డున ఒక కుటుంబం.

నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను. మా అమ్మాయి ఏమీ అడగలేదు. వైన్‌బర్గ్ డబ్బు కలిసి పుట్టిన విశ్వవిద్యాలయం, ఆయనను బయటికి పంపిన సంస్థ, ఇవాళ రెండూ ఒకే రాతి గోడలు. దీన్ని ఏ సమీకరణంలో సరిచేయాలో నాకు ఈ వయసులో కూడా తెలియలేదు.

సాయంత్రం నీడర్‌రాడ్. ఆర్థర్ ఇల్లు 'బూఖెన్‌రోడె' ఇక్కడే. 1938లో అన్నదమ్ములిద్దరి ఇళ్లనూ బలవంతాన నగరానికి అమ్మించారు. వాళ్లకు గుర్రాలంటే ప్రాణం, వాల్డ్‌ఫ్రీడ్ అశ్వశాల వాళ్లదే. అందులో పెరిగిన 'ఫెల్స్' 1906లో జర్మన్ డెర్బీ గెలిచింది. పందేల మైదానాన్ని చూద్దామని వెళితే ఆ చోట ఇప్పుడు జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రాంగణం ఉంది. వాన మొదలైంది. తిరిగి వచ్చేశాం.

నాలుగో రోజు: పేల్

పొద్దున మ్యూనిక్ రైలు. రైలు ఒకచోట గంటకు పైగా నిలిచిపోయింది, దాంతో మ్యూనిక్‌లో అందవలసిన రైలు తప్పిపోయింది. వైల్‌హైమ్‌లో దిగి, బస్సు పట్టుకుని పేల్ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

ఇది అమ్మర్‌జే సరస్సుకు దక్షిణాన చిన్న పల్లె. ఉల్లిగడ్డ ఆకారపు గోపురాల చర్చి, కట్టెల దొంతులు పేర్చిన గోడలు, పొలాల్లో ఎరువు వాసన. ఇల్లు అమ్మేశాక, భార్య అప్పటికే పోయి ఒంటరైన ఆర్థర్ ఇక్కడ పెంపుడు కూతురి దగ్గరికి వచ్చి చేరాడు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఒక వితంతువును పెళ్లాడి, ఆమె కూతుళ్లిద్దరినీ దత్తత తీసుకున్న మనిషి ఆయన. ముసలితనంలో ఆ దత్తత ఆయనకు తలదాచుకునే చోటు ఇచ్చింది.

ఊరి పైన గుట్ట ఎక్కి బల్ల మీద కూర్చున్నాం. కింద పచ్చిక మైదానం, దూరంగా సరస్సు, దక్షిణాన మంచుకొండల గీత. ఇంత అందమైన చోట నాకు కోపం వచ్చింది. ఇక్కడ దాక్కున్నవాడు ఎవరు? ఎనభై దాటిన ఒక వృద్ధుడు, కొన్ని పుస్తకాలు. ఎవరికి అడ్డం? 1942 జూన్‌లో నాజీలు వచ్చి పట్టుకుపోయారు.

మా అమ్మాయి అడిగింది: 'మావయ్యా, ఆయన ముందే దేశం వదిలి వెళ్లిపోవచ్చు కదా? డబ్బుంది, పేరుంది.' తమ్ముడు కార్ల్ ఇటలీ వెళ్లిపోయాడు. ఆర్థర్ వెళ్లలేదు. ఎందుకని అంటే నా దగ్గర ఉన్నది ఊహే. నా ఊళ్లో నేను పెట్టిన బడి ఉంది, మ్యూజియం ఉంది, యుద్ధంలో తెచ్చుకున్న పతకం పెట్టెలో ఉంది, నన్నెవరు ఏం చేస్తారు అనుకుని ఉంటాడు. మా తాతయ్య కూడా తుఫాను వస్తుందని ఎంత మొత్తుకున్నా ఇల్లు కదిలేవారు కాదు. అమ్మాయికి అదే చెప్పాను.

చివరి బస్సు ఆరున్నరకు. దాని కోసం గుట్ట దిగి పరుగెత్తాం.

అయిదో రోజు: దారి

మ్యూనిక్ నుంచి ప్రాగ్‌కు రైల్లో ఆరు గంటలు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే పసుపు పూల పొలాలు. మన ఆవ చేలలాగే ఉంటాయి, నూనె కోసం పండిస్తారట. రాత్రి గదిలో ఇద్దరం పెందలాడే పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు.

ఆరో రోజు: మూడు కిలోమీటర్లు

ఆర్థర్‌ను పట్టుకుపోయిన ఊరు టెరెజిన్. అక్కడికి ప్రాగ్ నుంచి నేరుగా బస్సు ఉంది, గంట ప్రయాణం. మేము రైల్లో బొహుషొవిట్సె స్టేషన్‌కు వెళ్లాం. కావాలనే అలా వెళ్లాం. జర్మన్లు తెరెజీన్‌స్టాట్ అని పిలిచి, యూదులను బంధించే ఘెట్టోగా మార్చిన ఆ ఊళ్లోకి పట్టాలు 1943 జూన్‌లో గాని పడలేదు. ఆర్థర్‌ను తెచ్చింది అంతకు ఏడాది ముందు. అప్పుడు వచ్చినవాళ్లందరినీ ఈ స్టేషన్‌లో దింపి, సామానుతో సహా నడిపించేవారు. దాదాపు మూడు కిలోమీటర్లు. ఆయనకు రెండు నెలల్లో ఎనభై రెండు నిండుతాయి.

మేము నడిచాం. ఎత్తుపల్లాలు లేని తారు రోడ్డు, పక్కన ఇళ్లు, ఒక పెరట్లో కోళ్లు, కుక్క మొరిగింది. నా చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. నలభై అయిదు నిమిషాలు పట్టింది. నాకు అరవై నాలుగు. మోకాలు నొప్పి పెట్టి దారిలో ఒకసారి కూర్చున్నాను. మా అమ్మాయి పక్కనే నిలబడింది. 'వాళ్లను కూర్చోనిచ్చి ఉంటారా మావయ్యా?' అంది. నేను లేచాను.

టెరెజిన్ 1780లో రెండో జోసెఫ్ చక్రవర్తి తల్లి మరియా తెరెసా పేరుతో కట్టించడం మొదలుపెట్టిన కోట ఊరు. గళ్ల నోటుపుస్తకంలా తిన్నటి వీధులు, బారులు తీరిన సైనికుల బారకాసులు. మామూలు రోజుల్లో ఏడు వేల మంది ఉండే చోట 1942 సెప్టెంబరు నాటికి యాభై ఎనిమిది వేల మందిని కుక్కారు. జర్మనీ నుంచి తెచ్చిన ముసలివాళ్లకు చాలామందికి దొరికింది ఇంటి కప్పుకింద అటకలు. మొత్తం మీద ఇక్కడికి తెచ్చిన సుమారు లక్షా నలభై వేల మందిలో ముప్పై మూడు వేల మంది ఇక్కడే చనిపోయారు, ఎనభై ఎనిమిది వేల మందిని ఔష్విట్జ్ వంటి చోట్లకు పంపేశారు. ఐ.జి. పెద్దల్లో కొందరు ఆర్థర్‌ను విడిపించమని పై అధికారులను అడిగారు. అది జరగలేదు. 1943 మార్చి 20న ఆయన ఇక్కడ చనిపోయాడు. కార్ల్ కూడా అదే నెలలో ఇటలీలో కన్నుమూశాడు. ఇక్కడ ఆర్థర్‌కు ఆ కబురు అందే దారే లేదు.

పాత బడి భవనంలో ఘెట్టో మ్యూజియం ఉంది. అందులో పిల్లల బొమ్మలు. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి ఇక్కడి పిల్లలకు రహస్యంగా బొమ్మలు నేర్పింది. ఆమెను ఔష్విట్జ్‌కు పంపేముందు దాచి వెళ్లిన రెండు పెట్టెల్లో నాలుగున్నర వేల బొమ్మలు దొరికాయి. పాత ఆఫీసు ఫారాల వెనక వైపు గీసినవి ఉన్నాయి, రంగు కాగితాలు చింపి అతికించినవి ఉన్నాయి. ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. ఇల్లు, చెట్టు, సూర్యుడు, దండెం మీద ఆరేసిన బట్టలు. దండెం మీది ఒక్కొక్క బట్టకు ఒక్కొక్క రంగు. ఒక ఎర్ర గౌను, ఒక నీలం చొక్కా. నీళ్ల రంగు అక్కడక్కడ గీత దాటి బయటికి పోయింది. గీసిన పాప కుంచెను గట్టిగా నొక్కినట్టుంది, గౌను అంచు దగ్గర కాగితం లేచిపోయింది. ఆ పాప ఈ ఊళ్లోనే బొమ్మలు వేసింది, ప్రపంచానికి రంగులు చేసిపెట్టిన ముసలాయన ఈ ఊళ్లోనే చనిపోయాడు. వాళ్లు ఒకరినొకరు చూసి ఉండరు. అయినా నేను వాళ్లిద్దరినీ విడదీసి తలచుకోలేకపోతున్నాను.

ఊరి బయట శ్మశానవాటిక, దహనశాల. లోపల నాలుగు ఇనుప కొలుములు, పెద్దవి, శుభ్రంగా ఉన్నాయి. నేను గడప దాటలేదు. అమ్మాయి వెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేసింది. 1944 నవంబరులో, సాక్ష్యం మిగలకూడదని, ఇరవై రెండు వేల మంది చితాభస్మాన్ని అట్టపెట్టెల్లో మోయించి ఓహ్ర్షె నదిలో పోయించారు. ఆ ఒడ్డుకూ నడిచాం. చిన్న నది, మన కాలువంత. నీళ్లు గోధుమ రంగులో, వడిగా పోతున్నాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు పోతే చేసినట్టే ఒడ్డున వంగి మూడు దోసిళ్లు నీళ్లు వదిలాను. ఆయన నమ్మిన దేవుడు వేరు. నాకు తెలిసింది అదొక్కటే.

తిరిగి స్టేషన్‌కు నడవలేకపోయాను, బస్సెక్కాం. బస్సులో మా అమ్మాయి వాళ్లమ్మకు ఫోను చేసింది. అక్క చీరాల ఇంట్లోనే ఉంటోంది. 'అమ్మా, ముత్తాత రంగు తొట్టి ఇంకా ఉందా?' అని అడిగింది. ఇటువంటి మాట తను ఎప్పుడూ అడిగి ఎరగదు. తొట్టిని ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశామని అక్క చెప్పడం నాకూ వినిపించింది. తరువాత కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. వెనక వసారాలోకి వెళ్లి చూసొచ్చినట్టుంది. చిలపలు తగిలించే కర్ర ఒకటి దూలానికి అలాగే ఉందట. తాతయ్య పట్టుకునే రెండు కొసలు మామూలు కర్ర రంగులో, మధ్యంతా నల్లగా.

'దాన్ని తీయకు, నేను వస్తున్నాను' అని ఫోను తీసుకుని చెప్పాను.